పుస్తకంలో లేని పాట

నా పోస్టుడబ్బాలో ఎవరో గోల్ఫు బంతి పెట్టిపోయారు. తెల్లగా, కొత్తది. దాన్ని తీసుకెళ్ళి వంటింటి కిటికీలో రేడియో పక్కనే, అందరికీ కనపడేలా పెట్టాను. తప్పు చేశాను, నా చేత్తో నేనే సిరాతో రాసి మరీ చేశాను. దాచుకోను. కానీ ఎందుకు చేశానో అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు, నవ్వినవాళ్ళు మాత్రం లోయంతా ఉన్నారు.

నా పేరు నెల్డా స్లోన్. డెబ్భై రెండేళ్ళు. కెంటకీ కొండల్లోని ఈ హాగ్‌పెన్ లోయలోనే పుట్టాను. ముప్ఫయ్యొక్కేళ్ళు ఇక్కడి పిల్లల్ని బడి బస్సులో తిప్పాను. మా లోయలో ఇంటికో స్కానర్ ఉంటుంది. గాలిలో పోయే మాటల్ని ఒక్కో ఫ్రీక్వెన్సీ నంబరూ వెతుక్కుంటూ పోయి, ఎక్కడ గొంతు దొరికితే అక్కడ ఆగి వినిపించే రేడియో అది. అంబులెన్సు ఎవరింటికి వెళ్తోందో, ఏ వంతెన మునిగిందో, ఎవరి పొయ్యిగొట్టం అంటుకుందో దాని ద్వారానే తెలిసేది. విన్నవాళ్ళలో ఎవరో ఒకరు గిన్నె నిండా ఏదో ఒకటి వండుకుని ఆ ఇంటికి బయలుదేరేవారు.

రెండేళ్ళ కిందట కౌంటీవాళ్ళు, అంటే మా జిల్లా ఆఫీసువాళ్ళు, కొత్త రేడియోలు తెచ్చి బయటివాళ్ళకి వినపడకుండా తమ మాటలన్నిటికీ తాళం వేశారు. ఆ రోజు నుంచి బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. జనం స్కానర్లను అటకెక్కించారు. మా వీధి చివరావిడ తన స్కానర్ మీద పూలకుండీ పెట్టుకుంది. నేను పెట్టలేదు. వాళ్ళు తాళం వేసింది వాళ్ళ గదికి. గాలికి కాదు కదా.

నా భయం వేరే. లోయ నెత్తిన బొగ్గు కంపెనీవాళ్ళ చెరువుంది. బొగ్గు కడిగిన నల్లనీళ్ళన్నీ మట్టికట్ట వేసి అక్కడ నిలబెడతారు. ఆ కట్ట కింద మొట్టమొదటి ఇల్లు నా తమ్ముడు ఎల్డన్‌ది. ఇరవై ఆరేళ్ళు ఆ కంపెనీ గనిలోనే పనిచేసి ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడి తెచ్చుకున్నాడు. ఇప్పుడు ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ యంత్రం. కట్ట తెగితే నీళ్ళు అతని గుమ్మంలోకి పదకొండు నిమిషాల్లో వస్తాయి. ఈ లెక్క నాది కాదు, కంపెనీ కాగితాల్లోదే. తెగినప్పుడు కాపలావాడు సూపరింటెండెంటుకి చెప్పాలట, అతను కౌంటీకి చెప్పాలట, కౌంటీవాళ్ళు ఇంటింటికీ ఫోన్ చెయ్యాలట. మా లోయ అడుగున ఫోన్లు పలకవు. అలాంటప్పుడు కట్ట మీది కాపలావాడు ఏమంటున్నాడో నేనే వినాలి అనుకున్నాను. వినాలంటే వాళ్ళు ఏ నంబరు మీద మాట్లాడుకుంటారో కనిపెట్టాలి.

పోయిన మా ఆయన హోబర్ట్ రైల్వేలో పనిచేసేవాడు. స్కానర్ పట్టుకుంటే తిండి గుర్తుండేది కాదు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. కొత్త నంబరు దొరికితే నోటుపుస్తకంలో పెన్సిల్‌తో రాయాలి. ఎవరి పేరో, ఏ చోటి పేరో మూడుసార్లు చెవిన పడ్డాకే దాని మీద సిరా దిద్దాలి. నలభై ఏళ్ళు ఆ నియమం తప్పలేదు నేను. మార్చిలో తప్పాను. ఐదు రోజులు ఆపకుండా వాన. ఐదో రోజు పొద్దున వెతుకుతుంటే ఒక గొంతు దొరికింది. “చెరువు అంచుదాకా వచ్చేసింది. కట్ట మీంచి పొర్లుతోంది. కిందవాళ్ళకి చెప్పండి.” పేరు వినేదాకా ఎవరాగుతారు? సిరాతోనే రాశాను. రాస్తూనే ఊరంతా కేకలు పెట్టాను. పైజామాలో ఉన్న ఎల్డన్‌ని, అతని ఆక్సిజన్ సీసాని కారులో వేసుకుని కొండమీది చర్చికి చేర్చాను. వెనకే దాదాపు నలభై కుటుంబాలు తడుస్తూ వచ్చాయి. రెండు గంటల తరవాత, వెంట తెచ్చుకున్న స్కానర్‌లో అదే నంబరు మీద అదే గొంతు, తొమ్మిదో గుంత దగ్గర గడ్డంతా మునిగింది కాబట్టి ఈ ఆదివారం ఆట ఉండదని చెప్పింది. అది పక్క కౌంటీ గోల్ఫు మైదానం.

ఆ రోజు నాకు ఒక్కటే లాభం. ఎల్డన్‌ని మంచం మీంచి లేపి చర్చి గుమ్మం దాటించడానికి ఇరవై మూడు నిమిషాలు పట్టిందని గడియారం చూసుకున్నాను. నీళ్ళకి పదకొండు చాలు. అంటే కట్ట తెగాక తెలిస్తే నా తమ్ముడు దక్కడు. తెగకముందే తెలియాలి.

వారం తరవాత చిక్కుడుగింజల పులుసు, మొక్కజొన్న రొట్టె పట్టుకుని వాడింటికి వెళ్ళాను. తింటూ తింటూ మొదలుపెట్టాడు.

“నన్నొక్క మాట అడిగావా అక్కా?”

“ఏమడగాలి?”

“కట్ట మీద కాపలావాడు ఎప్పుడు మాట్లాడతాడో. ఇరవై ఆరేళ్ళు వాళ్ళ కింద చాకిరీ చేసినవాణ్ణి ఎదురుగా కూచోబెట్టుకుని, గాలిలో గోల్ఫువాళ్ళని వెతుక్కున్నావు.”

“సరే, ఇప్పుడడుగుతున్నా. ఎప్పుడు మాట్లాడతాడు?”

“మధ్యాహ్నం మూడింటికి. అప్పుడు కాపలా మారుతుంది. దిగిపోయేవాడు నీళ్ళలో పాతిన కొలతకడ్డీ చూసి, ఆ అంకె రేడియోలో ఆఫీసుకి చెప్పిగానీ ఇంటికి పోడు. వాన రానీ, పిడుగు పడనీ, ఆ మాట ఆగదు.” ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. “ఈ రొట్టె ఎందుకింత గట్టిగా ఉంది? కట్టకి దీన్నే వాడుండాల్సింది వాళ్ళు.”

మర్నాటి నుంచి రోజూ మూడింటికి పావుగంట ముందు కారు తీసుకెళ్ళి కంపెనీ గేటు ఇవతల, దారి పక్కన ఆపేదాన్ని. ఈసారి హోబర్ట్ చెప్పిన ఇంకో కిటుకు కూడా వాడాను. స్కానర్‌కి ఉన్న ఏంటెన్నా ఊడదీసేశాను. ఏంటెన్నా లేకపోతే దూరపు గొంతులు చచ్చిపోతాయి, దగ్గర్లో మాట్లాడేవాడి గొంతొక్కటే మిగులుతుంది. ఇంక ఏ గోల్ఫువాడూ నా చెవిలో దూరలేడు. నంబర్లు మాత్రం వేలల్లో ఉన్నాయి. రోజుకి కొన్ని చొప్పున కింది నుంచి పైకి జల్లెడ పట్టాను. దుంగల లారీవాళ్ళు తగిలారు, వాళ్ళు తిట్టుకునే తిట్లు నేను బస్సు నడిపిన రోజుల్లో కూడా వినలేదు. ఎనిమిది రోజులు అంతే.

తొమ్మిదో రోజు గురువారం. మూడు దాటి రెండు నిమిషాలైంది. 152.870 దగ్గర స్కానర్ టక్కున ఆగింది. “ఆఫీసు, నేను డ్యూయీని. కడ్డీ అరవై ఒకటి. ఎడమ మూల కారుతోంది. రంగు గోధుమ.” అంతే, మళ్ళీ నిశ్శబ్దం. సిరా పెన్ను చేతికి అందేంత దూరంలోనే ఉంది. కానీ పెన్సిలే తీశాను.

ఎల్డన్‌కి చెబితే చేతిలో చెంచా కింద పెట్టేశాడు. వాడి మొహంలో వేళాకోళం లేకపోవడం నేను చాలా ఏళ్ళ తరవాత చూశాను.

“గోధుమరంగనే అన్నాడా? సరిగ్గా విన్నావా?”

“విన్నాను. కారడం అంత ప్రమాదమా?”

“కారడం ఏం కాదక్కా. ప్రతి మట్టికట్టా కారుతుంది. తేటగా కారితే మంచిదే. గోధుమరంగుంటే నీళ్ళతోపాటు కట్ట లోపలి మట్టి కూడా వచ్చేస్తోందని. లోపల గుల్లవుతోంది అది.”

“అయితే ఇవాళే మిట్ట మీది మా ఇంటికి వచ్చెయ్.”

“నేనొచ్చేస్తే? నా వెనక ముప్ఫై ఎనిమిది ఇళ్ళున్నాయి. వాళ్ళని కూడా నీ సోఫాలో పడుకోబెడతావా? ముందు దాని సంగతి చూడు.”

శుక్రవారం మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ డ్యూయీ, మళ్ళీ గోధుమరంగు. పేరు రెండోసారి విన్నట్టయింది. మిట్ట మీద ఫోన్ పలుకుతుంది కాబట్టి ఇంటికొచ్చి రాష్ట్రప్రభుత్వంలో కట్టలు చూసే ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. కంపెనీ పంపిన కాగితాల్లో తేట అనే ఉందంది. మార్చిలో ఊరంతా ఖాళీ చేయించింది మీరేనా అని కూడా అడిగింది. నేనేనన్నాను. ఆ తరవాత ఆమె గొంతు పసిపిల్లతో మాట్లాడినట్టు మారిపోయింది.

శనివారం రెండున్నరకి నేను కారు తాళాలు తీసుకుంటుండగా సూపరింటెండెంటు రాయిస్ టాకెట్ నా వరండా మెట్లెక్కాడు. ఈ లోయవాడే. పన్నెండేళ్ళు నా బస్సులో బడికెళ్ళినవాడే. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, కాఫీ అడిగాడు.

“మీరు పెద్దవారు నెల్డా గారూ. మీకు చెప్పేంతవాణ్ణి కాను.”

“చెప్పకు మరి.”

జేబులోంచి కవరు తీశాడు. “మా లాయరు రాశాడు. వినడం వరకూ మీ ఇష్టం. విన్నది ఇంకొకరికి చెబితే మాత్రం చట్టం ఒప్పుకోదు. కోర్టుదాకా తేవొద్దు.”

“ఎడమ మూల నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి రాయిస్?”

“తేటగా ఉన్నాయి. ఈసారి ఏ గోల్ఫు మైదానం విన్నారో ఏమో.”

“రెండో తరగతిలో నా బస్సులో వాంతి చేసుకుని, పక్కవాడు చేశాడని చెప్పావు, గుర్తుందా? అప్పుడూ మొహం ఇంత అమాయకంగానే పెట్టావు.”

నవ్వేశాడు. ఇంకో కప్పు కాఫీ అడిగాడు. మూడుంపావు దాకా ఆ కుర్చీ వదల్లేదు. నేను గేటు దగ్గర ఉండకూడదని కూర్చున్నాడని అతను మెట్లు దిగాకగానీ నాకు వెలగలేదు. ఒళ్ళు మండిపోయింది. తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళు బెదరవు. నేనూ బెదరలేదు. ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. విన్నది చెప్పకూడదు, అంతే ఉంది. సరే, చెప్పను. అయినా నేను చెబితే నమ్మేవాళ్ళెవరు? వాళ్ళంతట వాళ్ళు వినాలి. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

మా చర్చిలో వేదిక పక్కన గోడకి చెక్కపలక ఒకటుంది. ఆ రోజు పాడబోయే మూడు పాటల నంబర్లు అందులో అంకెల బిళ్ళలు పెట్టి చూపిస్తారు. ఇరవై ఏళ్ళుగా ఆ బిళ్ళలు పెట్టే పని నాది. ఆదివారం పొద్దున పాస్టరు ఆర్విల్ రాసిచ్చిన చీటీ చేతిలోనే పెట్టుకుని, పలక మీద మాత్రం వేరే అంకెలు పెట్టాను. పైన 152. దాని కింద 870. ఆ కింద 300.

జనం వచ్చి కూర్చున్నారు, పాటల పుస్తకాలు తీశారు. మా పుస్తకంలో ఉన్నవి ఐదు వందల ఇరవై పాటలే. పేజీలు వెనక్కీ ముందుకీ తిరిగిన చప్పుడు, తరవాత గుసగుసలు. ఆర్విల్ కళ్ళజోడు పైకి తోసి పలక వంక చూశాడు.

“సోదరి నెల్డా, ఎనిమిది వందల డెబ్భయ్యో పాట మన పుస్తకంలో లేదు.”

లేచి నిలబడ్డాను. “లేదు పాస్టరు గారూ. అది పుస్తకంలో దొరకదు.”

“మరెక్కడ దొరుకుతుంది?”

“కంపెనీ గేటు దగ్గర బాగా వినపడుతుంది. ఏంటెన్నా కూడా అక్కర్లేదు.” కింది 300ని, అంటే మూడు గంటల్ని, వేలితో చూపించాను. “సరిగ్గా ఆ వేళకి.”

“పాటలో ఏముంటుంది?”

“నేను చెప్పకూడదు. నాకు లాయరు ఉత్తరం వచ్చింది.”

వెనక బల్లలో ఎవడో గోల్ఫు అన్నాడు, ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. కానీ నూట యాభై రెండు అనే అంకె చూస్తే మా వాళ్ళలో ఎవరికైనా అది పాట కాదని తెలిసిపోతుంది. నలభై ఏళ్ళు ఆ అంకెల మధ్యే చెవులు పెట్టుకుని బతికినవాళ్ళం. పూలకుండీ ఆవిడ బైబిల్లోంచి పెన్సిల్ తీసి అరచేతిలో ఏదో రాసుకోవడం చూశాను. పాస్టరు పాట లేకుండా నేరుగా ప్రార్థనలోకి వెళ్ళిపోయాడు.

మూడింటికి పది నిమిషాల ముందు గేటు దగ్గరికి వెళ్ళేసరికి అప్పటికే పదిహేను మడతకుర్చీలున్నాయి. ఇంకా వస్తూనే ఉన్నారు. నవ్వడానికి వచ్చినవాళ్ళూ ఉన్నారు, ఉంటే ఉండనీ అనుకున్నాను. అటకల మీంచి దింపిన స్కానర్లు, దుమ్ము తుడవనివి, టేపు చుట్టినవి, ముప్ఫైకి పైనే ఉన్నాయి. పూలకుండీ ఆవిడ రేడియో మీద మట్టి మరక గుండ్రంగా అలాగే ఉంది. ఎల్డన్ నా కారు ముందు సీట్లో, ఆక్సిజన్ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పాస్టరు కూడా వచ్చాడు. వారానికో రోజు పాస్టరు అతను, మిగతా ఆరు రోజులు మా లోయ అగ్నిమాపక దళానికి పెద్ద. వచ్చినప్పుడు తలమీద ఉన్నది ఆ దళం టోపీ.

మూడు దాటి రెండు నిమిషాలకి ముప్ఫై రేడియోలూ ఒకేసారి పలికాయి.

“ఆఫీసు, నేను డ్యూయీని. కడ్డీ అరవై రెండున్నర. ఎడమ మూల గోధుమరంగే, మొన్నటికన్నా చిక్కగా ఉంది. మణికట్టంత లావు కారుతోంది.”

మూడోసారి ఆ పేరు. తరవాత ఇంకో గొంతు వచ్చింది, లోయవాళ్ళందరికీ తెలిసిన రాయిస్ గొంతు.

“డ్యూయీ, రంగు గురించి రేడియోలో మాట్లాడొద్దని చెప్పానా లేదా? పుస్తకంలో తేట అని రాయి. ఆ బస్సు ముసల్ది వింటూ ఉంటుంది.”

ఆ మాట పూర్తవుతూనే అతని లారీ మలుపు తిరిగి గేటు లోపలివైపు వచ్చి ఆగింది. మమ్మల్ని చూశాడు. మైకు వదలకుండానే తలుపు తీసుకుని, ఎవరు మీరంతా అని అడగబోయాడు. అతని గొంతు ముప్ఫై రేడియోల్లోంచి బయటికొచ్చి మళ్ళీ ఆ మైకులోనే దూరి, చెవులు చిల్లులు పడేలా కీచుమని అరిచింది. మైకు జారవిడిచేదాకా ఆ అరుపు ఆగలేదు. నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అక్షరాలా లాయరు చెప్పినట్టే నడుచుకున్నాను.

ఆర్విల్ గేటు దగ్గరికి నడిచాడు. “రాయిస్, నేనిప్పుడు పాస్టరుగా రాలేదు. నాకెవరూ ఏమీ చెప్పలేదు. నా చెవులతో నేను విన్నాను. గేటు తియ్యి.”

“ఆర్విల్, ఇది ప్రైవేటు స్థలం.”

“తియ్యకపోతే గొలుసు కోసే కత్తెర బండిలోనే ఉంది.”

తీశాడు. అరగంట తరవాత ఆర్విల్ కిందికి దిగాడు, చేతిలో ఊరగాయ సీసా. దాన్ని రాయిస్ లారీ ముందుభాగం మీద ఎండలో పెట్టాడు. అందులో నీళ్ళు పాలు పోసిన కాఫీలా ఉన్నాయి.

“ఇది తేటా?” అన్నాడు.

ఎండ ఉండగానే ముప్ఫై తొమ్మిది ఇళ్ళూ ఖాళీ అయ్యాయి. ఈసారి ఎవరూ పరిగెత్తలేదు, కోళ్ళని కూడా బుట్టల్లో పెట్టుకుని నింపాదిగా ఎక్కారు. సోమవారం పొద్దున్నే రాష్ట్రంవాళ్ళు దిగారు. పంపులు పెట్టి పంతొమ్మిది రోజులు ఆ చెరువు తోడారు. తోడాక చూస్తే ఎడమ మూల కట్ట లోపల మనిషి వంగి నడిచేంత సొరంగం ఉందట. పంతొమ్మిది రోజులూ ఎల్డన్ నా సోఫాలో పడుకుని నా రొట్టెని తిట్టాడు. అంత హాయిగా ఎప్పుడూ తిట్లు తినలేదు నేను. ఆ ఆదివారం సాయంత్రమే నోటుపుస్తకం తీసి 152.870 మీద సిరా దిద్దాను.

కట్టకి మరమ్మతు చేశారు, చెరువు మళ్ళీ నింపుకోవచ్చన్నారు, ఎల్డన్ తన ఇంటికి వెళ్ళిపోయాడు. రాయిస్ ఉద్యోగం పోలేదు, అలాంటివాళ్ళ ఉద్యోగాలు పోవు. వేసవిలో ఒకరోజు కిరాణా కొట్టు బయట ఎదురుపడ్డాడు.

“కొత్త రేడియోలు పెట్టించాం నెల్డా గారూ. తాళం ఉన్నవి. ఇంక మీకేం వినపడదు.”

“బుస్సుమని వినపడుతుందిగా.”

“దాంతో ఏం చేసుకుంటారు?”

“ఎంతసేపు బుస్సుమందో రాసుకుంటాను. కడ్డీ అంకె చెప్పడానికి నిమిషం చాలు. అంతకన్నా ఎక్కువ మాట్లాడుకున్నారంటే, వేళకాని వేళ మాట్లాడుకున్నారంటే, ఏదో దాస్తున్నారని. గేటు ముందు కుర్చీలు వేసుకుంటాం. నేనూ, కింద ముప్ఫై తొమ్మిది ఇళ్ళవాళ్ళూ వంతులు వేసుకున్నాం రాయిస్. ఆదివారం వంతు పాస్టరుది.”

అతను బండెక్కి వెళ్ళిపోయాడు.

గోల్ఫు బంతి ఇంకా నా కిటికీలోనే ఉంది. దాని పక్కన నోటుపుస్తకం, గడియారం. నిన్న బుస్సుమన్నది ముప్ఫై ఎనిమిది సెకన్లు. ఇవాళ వంతు నాది. మూడింటికి ఇంకా పది నిమిషాలుంది.